పంజరంతో సహా

ఏ పండగా పబ్బమూ లేని రోజున, తాపేశ్వరం కాజాల పెట్టె పట్టుకుని, మిత్రులు దంపతులుగా మన గుమ్మంలోకి వచ్చారంటే ఏదో పెద్ద కోరికే కోరబోతున్నారని గ్రహించాలి. ఈ సూక్ష్మం నాకు రెండు కాజాలు తిన్న తరువాత గాని తట్టలేదు.

వచ్చినవారు మా ఫిజిక్సు మాస్టారూ, వారి శ్రీమతీని. మాస్టారు నాకంటె పదహారేళ్ళు పెద్ద. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజమండ్రిలో మాకు అద్దె ఇల్లు చూసిపెట్టినదీ, మా అమ్మాయి పురిటికి అర్ధరాత్రి కారు తెచ్చినదీ ఆయనే. నన్ను పేరు పెట్టి పిలవరు. “ఏమోయ్ తెలుగూ” అంటారు. నేనూ ఆ పిలుపుకే అలవాటు పడిపోయాను. అటువంటి మనిషి వచ్చి ఏదైనా అడిగితే కాదనే నోరు నాకు లేదు. ఆయన ఎన్నడూ ఏదీ అడగలేదు గనక, ఆ నోరు అవసరమూ ఇంతవరకూ రాలేదు.

“రిటైరయిపోయాను కదా, అబ్బాయి బెంగుళూరు వచ్చెయ్యమంటున్నాడోయ్. పదమూడో అంతస్తుట. అక్కడికి సీతాలుని తీసుకువెళ్ళడం ఎలాగా అని...” అని ఆగిపోయారు మాస్టారు.

“మీ ఇల్లయితే పెరడుంది, పిల్లలున్నారు. దానికి కాలక్షేపం” అని వారి శ్రీమతి మాట అందుకుని పూర్తిచేశారు.

సీతాలంటే వారింటి రామచిలుక. 2016లో ఏదో తీర్థంలో బుట్టలో పెట్టి అమ్ముతూంటే మాస్టారి తల్లిగారు ముచ్చటపడి కొనిపించుకున్నారు. అప్పటికింకా ఈకలు సరిగా రాని పిల్ల. సీతాలని పేరు పెట్టి, మెడలో ఎర్ర దారం కట్టి, ఆడపిల్లలాగే గారాబం చేశారు. మూడో ఏడు వచ్చేసరికి మెడ చుట్టూ నల్లని పట్టీ, దాని వెనక గులాబిరంగు గీతా బయలుదేరాయి. ఈ జాతిలో ఆ కంఠహారం మగదానికే ఉంటుంది. సీతాలు కాస్తా శ్రీరాముడని తేలింది. అయినా ఆవిడ పేరు మార్చనివ్వలేదు. “పేరులో ఏముందిరా, పిలిస్తే పలుకుతోంది చాలదూ?” అనేవారుట.

ఆవిడ 2022లో, ఎనభై నాలుగో ఏట పోయారు. సీతాలు ఉంది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఆ చిలుక మాట్లాడేది ఆవిడ గొంతుతో. రోజూ దీపాలు పెట్టే వేళకి “ఒరే, కాళ్ళు కడుక్కోరా” అంటుంది. ఆ దీర్ఘం, ఆ చివర కొంచెం విసుగు, ముమ్మూర్తులా ఆవిడే. ఆవిడ పోయిన తరువాత నేనొకసారి వారింటికి వెళ్ళి కూచున్న సమయానికి అది ఆ మాట అన్నది. నాకు వొళ్ళు జలదరించింది. మాస్టారు మాట్లాడుతున్నవారల్లా లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. పదమూడో అంతస్తు సంగతి నిజమే కావచ్చు. కాని అసలు కారణం అది కాదని నాకు అనుమానం. అనుమానం బయటపెట్టలేదు.

“నాలుగు రోజులు మేం బెంగుళూరు వెళ్ళి ఇల్లు చూసి వస్తాం. ఈలోగా ఉంచుకుని చూడండి. నచ్చితే సరే. లేకపోతే మొహమాటం లేదు” అన్నారు వెళ్ళేటప్పుడు. మొహమాటం లేదని పైకి అనవలసి వచ్చిందంటే అది ఎంత ఉన్నదో అర్థమవుతూనే ఉంది.

ఆ రాత్రి మా ఇంట్లో శాసనసభ తీరింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఏకపక్షంగా ‘సీతాలు కావాలి’ అన్నది. ఇంటర్మీడియట్ చదివే మా అబ్బాయి, అది ఈఏపీసెట్ పాఠాలు చెప్పదు గనక తనకు అభ్యంతరమూ లేదు, ఆసక్తీ లేదన్నాడు. నేను యథాప్రకారం శుకసప్తతి మొదలుపెట్టాను: పాలవేకరి కదిరీపతి, భర్త ఊళ్ళో లేనప్పుడు గడప దాటబోయే ఇల్లాలిని కథ మీద కథ చెప్పి ఆపిన చిలుక, తెలుగు ప్రబంధాల్లో ఏ తోట వర్ణించినా ముందుగా కూసే చిలుక, మన్మథుడికి వాహనమైన చిలుక...

“ఆ మన్మథుడి వాహనానికి రోజూ పెంట ఎవరు తీస్తారు?” అన్నది మా ఆవిడ.

ప్రబంధ కవులెవరూ ఈ ప్రశ్నకు సమాధానం రాయలేదు.

ఆవిడే మళ్ళీ అడిగింది: “అది ఎన్నేళ్ళు బతుకుతుందో కనుక్కున్నారా?” కనుక్కుంటే, బాగా చూసుకుంటే ఇరవై, పాతికేళ్ళు, కొన్ని ముప్ఫైదాకా కూడా బతుకుతాయని తెలిసింది. సీతాలుకి ఇప్పుడు తొమ్మిది. అంటే ఇంకో పదిహేనూ, ఇరవై ఏళ్ళు. నేను రిటైరవుతాను, అమ్మాయి అత్తారింటికి వెళుతుంది, అబ్బాయి ఏ దేశంలో ఉంటాడో తెలీదు. అప్పుడు మేమిద్దరం కాజాల పెట్టె పట్టుకుని ఎవరింటికి వెళ్ళాలి? ఆవిడ లెక్కలో తప్పేమీ కనబడలేదు. కుక్కపిల్లనో పిల్లికూననో తెచ్చుకునేటప్పుడు కూడా ఇలా లెక్క వేసుకునేవాళ్ళు ఎందరుంటారో గాని, చిలుక దగ్గర మాత్రం ఈ లెక్క తప్పనిసరి.

సరే, సీతాలు వచ్చింది.

మొదటిరోజు అపూర్వంగా గడిచింది. రెండోరోజు తెల్లవారుజామున అయిదుంపావుకి మొదలెట్టిన అరుపు ఏడింటిదాకా ఆగలేదు. చెట్టుమీది చిలుక కూత వేరు, వసారాలో నాలుగడుగుల దూరాన కూసే కూత వేరు. వేరుశనగ పొట్టు, జామపండు తొక్కలు, ధాన్యపు ఊక పంజరం చుట్టూ రెండు గజాల మేర. నేను దిద్దుతున్న యూనిట్ టెస్టు పేపర్ల కట్ట పొరపాటున దగ్గర పెడితే, పై మూడు పేపర్ల అంచులు జల్లెడ చేసింది. వాటిలో ఒకటి క్లాసులో మొదటివాడిది. “సార్, నా పేపరు చిలక కొట్టింది” అని వాడు చెబితే నేను నమ్మేవాణ్ణి కాను, కాబట్టి వాడూ నా మాట నమ్మలేదు. మా అమ్మాయి వేలు కొరికించుకుని ఏడ్చి, మళ్ళీ అరగంటకే దానికి పండు మిరపకాయ పట్టుకెళ్ళింది.

దీపాలవేళకి మాత్రం అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయేవాళ్ళం. “ఒరే, కాళ్ళు కడుక్కోరా.” మా అబ్బాయి మొదటిరోజు నిజంగానే వెళ్ళి కడుక్కున్నాడు.

మూడోరోజు సాయంత్రం నేను వసారాలో కూచుని ఉన్నాను. మాఘమాసం, ఆకాశం నిర్మలంగా ఉంది. గోదావరి గట్టువైపున్న నిద్రగన్నేరు చెట్టుకి రోజూ ఆ వేళప్పుడు చిలుకల గుంపులు చేరతాయి. ఇరవయ్యేళ్ళ బట్టీ చూస్తున్నాను, వర్ణిస్తున్నాను కూడా. ఆవేళ ముప్ఫయ్యో నలభయ్యో ఒక్కసారి కీచుమంటూ మా డాబామీదుగా పోయాయి. సీతాలు పంజరం చువ్వకి అతుక్కుపోయి, మునుపెన్నడూ వినని గొంతుతో అరిచింది. మనుషుల మాట కాదు, ముసలమ్మగారి మాట కాదు, దాని సొంత మాట. రెక్కలు విప్పింది. కుడిరెక్క పంజరానికి కొట్టుకుంది. ఎడమ రెక్కలో పొడుగు ఈకలన్నీ కత్తిరించి ఉన్నాయని అప్పుడే చూశాను. గుంపు వెళ్ళిపోయింది. అది కిందికి దిగి గిన్నె పక్కన కూచుంది. ఆ పూట దీపాలవేళకి ఏమీ అనలేదు.

మర్నాడు ముక్కు పెరిగి వంకరపోతోందన్న మిషతో పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాను. కుర్రవాడు, మంచివాడు. ముక్కు చూశాడు, ఈకలు చూశాడు. ఎంతసేపూ గింజలే పెడితే విటమిన్ ‘ఏ’ చాలదనీ, ఆకుకూరలూ కారట్టూ పెట్టాలనీ చెప్పాడు. తరువాత కొంచెం సందేహిస్తూ అడిగాడు:

“మాస్టారూ, దీన్ని పెంచుకోకూడదని మీకు తెలుసు కదండీ?”

ఎక్కువ మిరపకాయలు పెట్టకూడదన్నట్టు అన్నాడేమో అనుకున్నాను. కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకల్ని పట్టడం, కొనడం, అమ్మడం ఎంత నేరమో, ఇంట్లో బంధించి ఉంచడమూ అంతే నేరంట. ఈ రామచిలుక ఒక్కటే కాదు. భుజంమీద ఎర్రమచ్చ ఉండే పెద్దచిలుకా, గోరువంకా, మునియాలూ, మన అడవుల్లో పుట్టిన పక్షులు దాదాపు అన్నీ ఆ లెక్కలోవే. ఆస్ట్రేలియానుంచి వచ్చిన బడ్జీల వంటి విదేశీ పక్షుల సంగతి వేరు. వాటిలో కొన్నిటికి ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలిట. చిలుకను ఉంచుకున్నందుకు మూడేళ్ళ వరకూ జైలూ, 2022లో సవరించిన తరువాత లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

నాకు నోట మాట రాలేదు. ఇరవయ్యేళ్ళుగా పంజర శుకాన్ని పాఠంగా చెబుతున్నవాణ్ణి. భద్రాచల రామదాసు పన్నెండేళ్ళు గోలకొండ చెరలో మగ్గడానికి, పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టిన పాపమే కారణమని హరికథల్లో చిన్నప్పటినుంచీ విన్నవాణ్ణి. ఆ పాపానికి ఈ జన్మలోనే జైలున్నదన్న సంగతి ఒక పశువైద్యుడు చెప్పేదాకా తెలియలేదు! ఈ మాట నేను సిగ్గుపడుతూనే రాస్తున్నాను. కాని మా వీధిలో పదిమందిని అడిగితే తొమ్మిదిమందికి తెలియదు. సంతల్లో బహిరంగంగా అమ్ముతూంటే, రోడ్డుపక్క చిలక జోస్యం నడుస్తూంటే, చట్టం ఉందని ఎవరికి తోస్తుంది?

“ఈ నెలల్లోనే సార్, జనవరినుంచి ఏప్రిల్‌దాకా, ఇవి చెట్టు తొర్రల్లో పిల్లలు పెడతాయి. తొర్రలో చెయ్యి పెట్టి కళ్ళు తెరవని పిల్లల్ని తీస్తారు. సంచుల్లో కుక్కి తీసుకొస్తారు. దారిలో చచ్చేవి చావగా మిగిలినవే మనం చూసేవి” అన్నాడతను.

అతను చెబుతూంటే నాకు బాణభట్టు కాదంబరి గుర్తొచ్చింది. ఏడో శతాబ్దపు కావ్యం. శూద్రక మహారాజు కొలువుకి పంజరంలో తెచ్చిన చిలుక తన కథ తానే చెప్పుకుంటుంది: వింధ్యాటవిలో ముసలి బూరుగుచెట్టు, తొర్రలో తండ్రి రెక్కకింద తాను, వేటగాళ్ళ గుంపు వెళ్ళిపోయాక వెనక మిగిలిన ఒక వృద్ధ శబరుడు చెట్టెక్కి, తొర్ర తొర్రకీ చెయ్యి పెట్టి, పిల్లల మెడలు విరిచి కింద పారెయ్యడం. తండ్రిని చంపి పడేస్తే, ఆ రెక్కలకింద దాగిన పిల్ల ఎండుటాకుల కుప్పమీద పడి బతుకుతుంది. ఎన్నిసార్లు చదివానో! ప్రతిసారీ బాణుడి సమాసాలు మెచ్చుకున్నానే గాని, మాస్టారి తల్లిగారికి తీర్థంలో అమ్మిన ఈకలు రాని పిల్ల ఏ తొర్రలోంచి వచ్చిందో ఆలోచించలేదు.

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మాయి, “అయితే ఇప్పుడే పంజరం తలుపు తీసేద్దాం నాన్నా” అన్నది. అదే సులువని నాకూ అనిపించింది. వైద్యుడు మాత్రం అది వద్దేవద్దని ముందే చెప్పాడు. కత్తిరించిన ఈకలు మళ్ళీ రావాలంటే పాత ఈకలు రాలాలి. అది ఏడాదికోసారి జరిగే పని. తొమ్మిదేళ్ళు ఎగరని రొమ్ము కండరాల్లో బలముండదు. పిల్లినీ డేగనూ చూసి భయపడాలని తెలియదు. గిన్నెలో తప్ప ఆహారం ఎక్కడుంటుందో తెలియదు. తలుపు తీస్తే అది స్వేచ్ఛ కాదు, మనం కళ్ళు మూసుకునే పద్ధతి. అటవీశాఖవారికి అప్పగిస్తే, పెద్ద ఆవరణలో తన జాతి పక్షులతో ఉంచి, ఎగరడం నేర్చినదాన్ని వదులుతారు, నేర్వలేనిది ఆ ఆవరణలోనే మిగతావాటితో బతుకుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాడాయన. చిలుకలు గుంపుగా బతికే పక్షులు. గుంపులో తన వాళ్ళు ఎలా పలికితే అలా పలకడం వాటి స్వభావం. ఒంటరిగా పెరిగినదానికి ఇంట్లో మనుషులే గుంపు. నేర్చిన మాట ఆ గుంపుని పిలుచుకునే పిలుపు. ముసలమ్మగారు దానికి మాట నేర్పారనుకుంటున్నాం. మూడేళ్ళుగా ఆ వేళకి అది ఆవిడని పిలుస్తోందేమో! ఈ చివరిమాట వైద్యుడిది కాదు, నాదే.

అసలు కష్టం ఇక్కడ మొదలైంది. వద్దనడం వేరు. “మాస్టారూ, తొమ్మిదేళ్ళుగా మీరు చేస్తున్నది నేరం” అనడం వేరు. ఇంటిపన్ను గడువుకి నెల ముందే కట్టి రసీదు ఫైలులో పెట్టుకునే మనిషితో ఆ మాట ఎలా అనను? ఊరుకుని ఉంచేసుకుందామా అనుకున్నాను. ఎవరు చూడొచ్చారు? మా ఆవిడ, మొదటినుంచీ వద్దన్న మనిషి, ఈసారి వేరే విధంగా అన్నది: “అలా ఉంచేసుకుంటే అత్తయ్యగారి గొంతు మనింట్లో ఉంటుంది, ఆయన మనింటికి రావడం మానేస్తారు. ఆలోచించుకోండి.”

బెంగుళూరునుంచి వచ్చిన సాయంత్రమే మాస్టారు వచ్చారు. చెప్పాను. మధ్యలో రెండుసార్లు కాఫీ గ్లాసు ఎత్తి తాగకుండా దించారు. వారి శ్రీమతి, “ఊరంతా పెంచుకుంటున్నారు కదా తమ్ముడూ” అన్నారు. నేను జవాబు వెతుక్కుంటూండగానే మాస్టారు లేచారు.

“మా అమ్మ గొంతు తీసుకెళ్ళి ఎవరికో అప్పగించమంటావుటోయ్?” అన్నారు. వెళ్ళిపోయారు.

మూడు రోజులు రాలేదు. ఫోను చెయ్యలేదు. పద్దెనిమిదేళ్ళలో ఇది మొదటిసారి. ఆ మూడు రోజులూ నేను చేసిన పని మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఆయన లేకుండా ఈ ఊళ్ళో ఉండడం ఎలా అన్నదే ఆలోచించాను.

ఈలోగా మా అబ్బాయి ఎవరికీ చెప్పకుండా ఒక ప్రయత్నం చేశాడు. సెల్‌ఫోను పట్టుకుని సాయంత్రాలు పంజరం దగ్గర కాపలా. ఫోను కనబడితే అది నోరు విప్పదు. నోరు విప్పినప్పుడు వీధిలో కూరగాయల బండి మైకు. మూడోరోజు ఫోను తువ్వాలు కింద దాచి సాధించాడు. “ఒరే, కాళ్ళు కడుక్కోరా”, ముచ్చటగా మూడు సెకన్లు. దాని వెనకాల ఎక్కడో మా ఇంటి కుక్కరు కూత కూడా పడింది.

నాలుగోరోజు పొద్దున్న మాస్టారే వచ్చారు. షర్టు ఇస్త్రీ చేసి ఉంది, చేతిలో ఫైలు ఉంది. “పదవోయ్. ఆఫీసు పది గంటలకి తెరుస్తారు” అన్నారు. ఏం ఆఫీసని నేను అడగలేదు. మా అబ్బాయి ఫోను ఇవ్వబోయాడు. “ఇప్పుడొద్దు బాబూ, ఉంచు” అన్నారు.

పశువైద్యుడు ముందుగా ఫోను చేసి చెప్పి ఉంచాడు గనక అటవీశాఖ ఆఫీసులో మాకు ఇబ్బంది కలగలేదు. ఎక్కడ కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏం పెడుతున్నారు అని అడిగి రాసుకున్నారు. మాస్టారు అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కొన్న ధర కూడా చెప్పారు, అడక్కపోయినా. కేసు పెట్టలేదు, తెలిసి మీరే తెచ్చి అప్పగించారు కదా అన్నారు. సంతకం పెట్టేటప్పుడు కాగితంమీద ‘చిలుక-1, మగ’ అని ఉండడం చూసి, “దాని పేరు సీతాలండీ” అన్నారు మాస్టారు. ఆ ఉద్యోగి ఒక క్షణం ఆగి, నవ్వకుండా, పక్కన ‘సీతాలు’ అని రాశాడు. అతని పేరు కనుక్కోవలసింది, కనుక్కోలేదు.

పంజరం మాత్రం తిరిగి ఇచ్చేశారు. రిక్షాలో మా ఇద్దరి మధ్యా అది ఖాళీగా కూచుంది. దారిపొడుగునా ఇద్దరమూ మాట్లాడలేదు. వంతెన మలుపు దగ్గర మాస్టారు, “ఆ కాదంబరి ఏదో మా ఆవిడతో అన్నావుట. సాయంత్రం వచ్చి చెప్పు” అన్నారు. మా ఆవిడ ద్వారా వారికి చేరిందన్నమాట.

సాయంత్రం నేను వెళ్ళకముందే ఆయనే వచ్చారు. కాజాలు లేవు. వసారాలో, పంజరం వేలాడిన కొక్కెం కింద కుర్చీ వేసుకుని కూచున్నారు. నేను శూద్రకుడి కొలువునుంచి మొదలుపెట్టాను. బూరుగుచెట్టు దగ్గరికి వచ్చేసరికి గోదావరి గట్టువైపు పోతూ గుంపు మా డాబామీదుగా వెళ్ళింది. ఇద్దరం తలలెత్తి చూశాం. లోపల మా ఆవిడ దీపం పెట్టింది.

మాస్టారు లేచి, పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, పంచె పైకి మడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చారు.

“ఊ, తరవాత?” అన్నారు.